డెడ్‌పూల్ కామిక్స్: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా చదవాలి

‘డెడ్‌పూల్ అండ్ వుల్వరిన్’ సినిమా 2024 జులైలో తెలుగు డబ్బింగ్‌లోనూ విడుదలైంది. అప్పటి నుంచి తెలిసినవాళ్లు నన్ను అడిగే మాట ఒక్కటే: “సినిమా నచ్చింది, కామిక్స్ కూడా చదువుదామనుకుంటున్నా. ఏది కొనమంటావ్?” ఇలా అడిగేవాళ్లు అప్పటికే నెట్‌లో వెతికి ఉంటారు. ‘డెడ్‌పూల్ నంబర్ 1’ అని కొడితే అరడజనుకు పైగా పుస్తకాలు కనిపిస్తాయి. అన్నిటి మీదా అదే ఎర్ర ముసుగు. ఏది ముందో ఏది వెనకో తెలియక చాలామంది అక్కడే వదిలేస్తారు.

దయచేసి వదిలేయకండి. ఈ కథల్లో కడుపుబ్బ నవ్వించే పేజీలు బోలెడు. కానీ నేను మళ్లీ మళ్లీ తెరిచేది ఆ నవ్వు టక్కున ఆగిపోయే పేజీలనే. మీరూ అక్కడిదాకా చేరాలని నా ఆశ. అందుకే దారి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు మనిషిని తెలుసుకోండి

డెడ్‌పూల్ అసలు పేరు వేడ్ విల్సన్. డబ్బులిస్తే ఎవరినైనా లేపేసే కిరాయి మనిషి. క్యాన్సర్ ముదిరాక, బాగుచేస్తామని చెప్పిన ఒక రహస్య ప్రయోగానికి ఒప్పుకున్నాడు. వుల్వరిన్‌కు ఉన్నట్టే గాయాలు తమంతట తామే మానిపోయే శక్తి వచ్చింది. కానీ ఒళ్లంతా పుండ్లు పడినట్టు చెడిపోయింది. ప్రయోగం వికటించిన వాళ్లందరినీ ఒకచోట పడేస్తే, అక్కడ ఎవరు ముందు చస్తారా అని పందేలు కాసేవాళ్లు. ఆ పందెం పేరే ‘డెడ్ పూల్’. వేడ్ దాన్నే తన పేరుగా పెట్టుకున్నాడు. ఈ సంగతి 1998 యాన్యువల్ అనే ప్రత్యేక సంచికలో వస్తుంది. తన చావు మీద కాసిన పందేన్ని పేరుగా మోస్తున్న మనిషి అని ఒక్కసారి తెలిశాక, అతను వేసే ప్రతి జోకూ చెవికి ఇంకోలా వినిపిస్తుంది.

ఇక అందరూ చెప్పుకునే విషయం, తానొక కామిక్ పుస్తకంలో ఉన్నానని అతనికి తెలుసు. మనవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. తోలుబొమ్మలాటలో రామాయణం నడుస్తుండగా కేతిగాడు, బంగారక్క తెర మీదికి దూకి, కథ ఆపి, ఎదురుగా కూర్చున్న ఊరి జనంతో మాట్లాడతారు. డెడ్‌పూల్‌ది కూడా ఆ వాటమే. కాకపోతే కేతిగాడికి యుద్ధంలో బాణం తగలదు. అతను కథకు పక్కన ఉండే మనిషి. డెడ్‌పూల్ మాత్రం కథ మధ్యలోనే ఉంటాడు, మనవైపు తిరిగి మాట్లాడుతూనే కత్తిపోట్లు తింటాడు. ఇదంతా ఎవరో రాస్తున్నారని తెలిసినా ఆ నొప్పి తప్పించుకోలేడు.

మొదటి పని: నంబర్లు పక్కన పెట్టి, ఏడాది, రచయిత పేరు గుర్తుపెట్టుకోండి

అమెరికాలో ఒక పాత్రకు కొత్త రచయిత వచ్చినప్పుడల్లా పబ్లిషర్లు మళ్లీ ఒకటో నంబర్ నుంచి మొదలుపెట్టడం మామూలే. డెడ్‌పూల్ విషయంలో ఇది మరీ ఎక్కువ. ముఖ్యమైనవి మాత్రం చెబుతాను.

1993లోనూ 1994లోనూ నాలుగేసి సంచికల చిన్న సిరీస్‌లు వచ్చాయి. 1997లో మొదలైన అసలు సిరీస్ 69 సంచికలు నడిచి 2002లో ఆగింది. తర్వాత 2004 నుంచి 2008 దాకా ‘కేబుల్ అండ్ డెడ్‌పూల్’, 50 సంచికలు. 2008లో డేనియల్ వే రాసిన సిరీస్, 63 సంచికలు. 2012లో జెరీ డుగన్, బ్రయాన్ పొసేన్ కలిసి రాసింది, 45 సంచికలు. ఈ 45వ సంచిక మీద 250 అని అచ్చేశారు, పాత సిరీస్‌లన్నీ కలిపి లెక్కేసి. 2015లో డుగన్ ఒక్కడే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టి 36 సంచికలు రాశాడు. 250కి 36 కలిపితే 286. అందుకే 2017లో వచ్చిన ‘డెస్పికబుల్ డెడ్‌పూల్’ ఏకంగా 287వ నంబర్‌తో మొదలై 300 దగ్గర ముగుస్తుంది. 287 చూసి “అయ్యో, 286 పుస్తకాలు మిస్సయ్యానా” అని టెన్షన్ పడినవాళ్లు నాకు తెలుసు. ఈ కూడిక తెలిస్తే ఆ భయం ఉండదు. ఆ తర్వాత 2018, 2019, 2022, 2024లోనూ కొత్త ఒకట్లు వచ్చాయి.

కాబట్టి షాపులో అడిగినా, నెట్‌లో వెతికినా “డెడ్‌పూల్ మూడో పుస్తకం” అనకండి. “1997 జో కెల్లీది”, “2012 డుగన్, పొసేన్‌లది” అనండి. ఈ ఒక్క అలవాటుతో సగం గందరగోళం తీరిపోతుంది.

రెండో పని: మొదటి పుస్తకం ఎంచుకోండి

చాలామంది చేసే పొరపాటు, మొట్టమొదటి సంచికతో మొదలుపెడదామనుకోవడం. డెడ్‌పూల్ తొలిసారి కనిపించింది 1991 ఫిబ్రవరి తేదీతో వచ్చిన ‘న్యూ మ్యూటంట్స్’ 98వ సంచికలో. రాబ్ లైఫెల్డ్ బొమ్మలు గీశాడు, మాటలు ఫేబియన్ నిసియెజా రాశాడు. కేబుల్ అనే హీరోను చంపడానికి ఎవరో డబ్బిచ్చి పంపిన విలన్ అప్పటి డెడ్‌పూల్. వాగుడు అప్పటికే ఉంది కానీ, తాను కామిక్‌లో ఉన్నానన్న ఎరుక లేదు. ఆ ఎరుక 1997 సిరీస్‌లో మెల్లగా అలవాటైంది. సినిమా చూసి వచ్చినవాళ్లు 1991 సంచిక తెరిస్తే “వీడేనా వాడు?” అనిపిస్తుంది. దాన్ని తర్వాత, మనిషి మీద ప్రేమ పుట్టాక చదవండి.

మొదలుపెట్టడానికి నేను చెప్పేవి రెండే. సినిమా ఊపు ఇంకా తగ్గకపోతే 2012 సిరీస్ తీసుకోండి. చనిపోయిన అమెరికా అధ్యక్షులందరూ లేచివచ్చి దేశాన్ని నాశనం చేయబోతుంటే, వాళ్లతో పోరాడటం పేరున్న హీరోలకు బాగుండదని డెడ్‌పూల్‌కు ఆ పని అప్పజెబుతారు. మొదటి పేపర్‌బ్యాక్ (కొన్ని సంచికలు కలిపి వేసిన పుస్తకం) అంతా ఈ కథే. పేరు ‘డెడ్ ప్రెసిడెంట్స్’. అల్లరి, రక్తం, జోకులు. ఒక్క సాయంత్రంలో అయిపోతుంది. ఈ సిరీస్‌లో రెండో పుస్తకం కొంచెం నెమ్మది. మూడో పుస్తకం ‘ద గుడ్, ద బ్యాడ్ అండ్ ది అగ్లీ’ మాత్రం తీరిక చూసుకుని, ఫోన్ పక్కన పడేసి చదవండి. కెప్టెన్ అమెరికా, వుల్వరిన్‌లతో కలిసి డెడ్‌పూల్ ఉత్తర కొరియాలోని ఒక శిబిరానికి వెళ్తాడు. డెక్లాన్ షాల్వీ గీసిన ఆ పేజీల్లో రంగులు కూడా మొదటి పుస్తకంలోలా మెరవవు. అక్కడ ఏం జరిగిందో నేను చెప్పను. ఆ కథ ముగిసేసరికి డెడ్‌పూల్ జోకు వేయడం మానేస్తాడు, అంతే చెబుతాను. ముందు రెండు పుస్తకాల్లో అంతగా నవ్వి ఉంటేనే ఆ నిశ్శబ్దం మనకు తగులుతుంది. అందుకే వరస తప్పించవద్దు.

ఓపిక ఉన్నవాళ్లు, పాత్ర ఎలా తయారైందో చూడాలనుకునేవాళ్లు 1997 నాటి జో కెల్లీ సిరీస్‌తో మొదలుపెట్టండి. మొదట్లో ఎడ్ మెగిన్నిస్ బొమ్మలు. కెల్లీ రాసింది 1 నుంచి 33 దాకా. నన్నడిగితే డెడ్‌పూల్‌ను డెడ్‌పూల్ చేసింది ఈ 33 సంచికలే. ‘డెడ్‌పూల్ క్లాసిక్’ అనే పేపర్‌బ్యాక్‌ల వరసలో ఇవి దొరుకుతాయి. మొదటి భాగంలో 1991 సంచిక, రెండు చిన్న సిరీస్‌లు, 1997 నంబర్ 1 ఉంటాయి. రెండో భాగం నుంచి కెల్లీ పూర్తిగా అందుకుంటాడు.

ఈ కథల్లో బ్లైండ్ ఆల్ అనే ముసలావిడ ఉంటుంది. చూపు లేదు. డెడ్‌పూల్ ఇంట్లోనే ఉంటుంది, ఇద్దరూ ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ ఉంటారు. మనింట్లో మనవడూ అమ్మమ్మా పోట్లాడుకున్నంత ముచ్చటగా ఉంటుంది ఆ వరస. కొన్ని సంచికలు గడిచాక గానీ మనకు అర్థం కాదు, ఆవిడ అక్కడ బందీ అని. ఆ ఇంట్లో ‘బాక్స్’ అనే గది ఉంది. లోపలంతా పదునైన వస్తువులు. తన మాట దాటితే డెడ్‌పూల్ ఆవిడను అందులో పడేసి తలుపు వేస్తాడు. ఉన్న ఒక్క స్నేహితుడు వీసెల్‌కు కూడా ఆ గది తప్పదు. అప్పటిదాకా మనం నవ్విన ప్రతి సరదా మాటా వెనక్కి వచ్చి తగులుతుంది. ఇలాంటి మనిషిని చూసా ఇన్నాళ్లూ నవ్వింది అనిపిస్తుంది. కెల్లీ అతన్ని వెనకేసుకురాడు, క్షమించెయ్యమని మనల్ని అడగడు. అతను బాగుపడాలని నిజంగా ప్రయత్నిస్తున్నాడని, మళ్లీ మళ్లీ జారిపడుతున్నాడని మాత్రం చూపిస్తాడు. యాంటీహీరో అనే మాటకు ఇంతకన్నా నిజాయితీ గల ఉదాహరణ మార్వెల్ కామిక్స్‌లో నాకు కనిపించలేదు.

మూడో పని: పేజీని నెమ్మదిగా చదవడం

కామిక్స్ అలవాటు లేనివాళ్లు మాటల బుడగలు మాత్రం చదివి పేజీ తిప్పేస్తారు. డెడ్‌పూల్‌ను అలా చదివితే సగం కథ జారిపోతుంది. ముందు పేజీ మొత్తం ఒక్కసారి చూడండి. తర్వాత ఎడమ నుంచి కుడికి, పైనుంచి కిందికి ఒక్కో ప్యానెల్ (గడి కట్టిన ఒక్కో బొమ్మ) చదవండి. చివర్లో మాటలు వదిలేసి బొమ్మలే మళ్లీ చూడండి. అతను ఏదో వాగుతుంటాడు, వెనకాల మనుషుల ముఖాలు ఇంకేదో చెబుతుంటాయి.

బుడగల రంగు గమనించండి. అందరి మాటలూ తెల్ల బుడగల్లో ఉంటే డెడ్‌పూల్‌వి చాలా సిరీస్‌లలో పసుపు రంగులో ఉంటాయి. డేనియల్ వే రాసిన 2008 సిరీస్‌లో దీనికి తోడు చదరపు పెట్టెలు వస్తాయి, పసుపువి కొన్ని, తెల్లవి కొన్ని. అవి డెడ్‌పూల్ తలలో వినిపించే రెండు గొంతులు. ఆ గొంతులు పక్కనున్న పాత్రలకు వినిపించవు, మనకే వినిపిస్తాయి. ఈ తేడా తెలియకపోతే ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో తెలియక తికమకపడతారు. ఒక పేజీ మీద వేలు పెట్టి, పసుపు పెట్టెలన్నీ ఒకసారి, తెల్లవన్నీ ఒకసారి చదివి చూడండి. రెండు పేజీలకే పట్టుబడుతుంది.

నెమ్మదిగా చదివితే ఏం దక్కుతుందో చూడాలంటే 1997 సిరీస్‌లో 11వ సంచిక తెరవండి. ‘క్లాసిక్’ మూడో భాగంలో ఉంటుంది. డెడ్‌పూల్, బ్లైండ్ ఆల్ కాలంలో వెనక్కి జారి 1967లో పడతారు. ఎక్కడో కాదు, నిజంగా 1967లో అచ్చయిన ‘అమేజింగ్ స్పైడర్‌మ్యాన్’ 47వ సంచికలో! జాన్ రోమిటా సీనియర్ అప్పట్లో గీసిన పేజీలనే తీసుకుని, వాటిలో పీట్ వుడ్స్ కొత్త బొమ్మలు అతికించినట్టు గీశాడు. డెడ్‌పూల్ పీటర్ పార్కర్ వేషంలో, ఆల్ పీటర్ వాళ్ల మే ఆంటీ వేషంలో తిరుగుతుంటారు. 1967 నాటి మనుషులు వాళ్ల పాత మాటలే మాట్లాడుతుంటారు, 1997 నాటి డెడ్‌పూల్ మధ్యలో దూరి వాటికి జవాబులిస్తుంటాడు. ఆ పాత కథల్లోని ఆస్‌బోర్న్ తండ్రీకొడుకుల ఆ వంకీల జుట్టేంటని అడిగేస్తాడు. ముప్పై ఏళ్లుగా పాఠకులందరి మనసులో ఉన్న ప్రశ్న అది.

ఆ ‘క్లాసిక్’ మూడో భాగంలోనే 1967 సంచిక కూడా ఇచ్చారు. రెండిటినీ పక్కపక్కన పెట్టుకుని, ఒక్కో ప్యానెల్‌లో ఏ గీత పాతదో ఏది కొత్తదో వెతకండి. రంగులు, గీత మందం, ముఖాల తీరు అన్నీ ఎంత శ్రద్ధగా కలిపారో అప్పుడు తెలుస్తుంది. నేను ఒక ఆదివారం మధ్యాహ్నమంతా ఆ ఒక్క సంచికతోనే కూర్చున్నాను. ఎగతాళి చేస్తున్నట్టు కనిపించే కథ వెనక పాత బొమ్మల మీద ఎంత భక్తి ఉందో అర్థమైంది.

ఇంగ్లిష్, ఆ అమెరికా జోకులు

భాష గురించి భయపడకండి. వాక్యాలు చిన్నవి, బొమ్మ సాయం ఉంటుంది. ఇబ్బందల్లా పేర్లతోనే. అమెరికా టీవీ షోలు, అప్పటి సినిమా తారలు, పాటలు. బియా ఆర్థర్ అంటే డెడ్‌పూల్‌కు పిచ్చి ఇష్టం. ఆవిడ అప్పట్లో అమెరికా టీవీలో పేరున్న నటి. ‘చిమిచాంగా’ అని అస్తమానం అంటుంటాడు. మాంసమో బీన్సో పెట్టి చుట్టిన రొట్టెను నూనెలో వేయించిన వంటకం అది. తినడం కన్నా ఆ మాట అనడమే తనకిష్టమని ‘కేబుల్ అండ్ డెడ్‌పూల్’లో తనే ఒప్పుకుంటాడు. ఇలాంటివి నాలుగైదు తెలిస్తే చాలు. అర్థంకాని ప్రతి పేరునూ గూగుల్‌లో వెతుకుతూ కూర్చుంటే కథ ఊపు పోతుంది. అర్థంకాని జోకు దాటి వెళ్లిపోండి, రెండోసారి చదివినప్పుడు చూసుకోవచ్చు.

నాలుగో పని: తర్వాత ఏవి, ఏవి వద్దు

‘కేబుల్ అండ్ డెడ్‌పూల్’ చదవండి. 1991లో అతనికి మాటలు రాసిన నిసియెజానే ఇక్కడా రాశాడు. లోకాన్ని బాగుచేయాలని తపించే కేబుల్, ఏదీ పట్టనట్టుండే డెడ్‌పూల్, ఇద్దరూ విడిపోలేని పరిస్థితి. ఇందులోనే డెడ్‌పూల్ తన ముఖం గురించి చెబుతూ, షార్ పే అనే ముడతల కుక్కతో కలిపి ర్యాన్ రెనాల్డ్స్ పేరు ఎత్తుతాడు. అది 2004. రెనాల్డ్స్ ఆ పాత్ర వేయడానికి ఇంకా అయిదేళ్లుంది.

రిక్ రెమెండర్ 2010లో మొదలుపెట్టిన ‘అన్‌క్యానీ ఎక్స్‌ఫోర్స్’లో డెడ్‌పూల్ హీరో కాదు, గుంపులో ఒకడు. అయినా వదలకండి. తోటివాళ్లందరూ అతన్ని డబ్బు కోసం వచ్చినవాడిగానే చూస్తారు. తీరా చూస్తే, జీతంగా ఇచ్చిన చెక్కుల్లో ఒక్కటీ అతను మార్చుకోలేదు. ఆ సంగతి బయటపడే ప్యానెల్ చాలా చిన్నది. దాటిపోకుండా చూసుకోండి.

2015 డుగన్ సిరీస్‌లో 20వ సంచిక ఒక్కటైనా చదవండి. వెనక కథ తెలియాల్సిన పనిలేదు. మేడ మీద నుంచి దూకబోతున్న ఒక అమ్మాయి దగ్గరికి డెడ్‌పూల్ వెళ్తాడు. ఆ రాత్రంతా ఆమెను వెంట తిప్పుకుంటాడు, తన పద్ధతిలో దుర్మార్గులను చావగొడతాడు. చివరికి ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లి అప్పజెబుతాడు. తన మాటలతో, తన జోకులతో ఆమె బాగుపడదని అతనికి తెలుసు. వైద్యం తెలిసినవాళ్లు కావాలని తెలుసు. దీన్ని రాసినవాళ్లు ఎంత బాధ్యతగా రాశారో చూసి నాకు కళ్లు చెమర్చాయి. మీకు గానీ, మీకు తెలిసినవాళ్లకు గానీ అలాంటి రాత్రి ఎదురైతే టెలి మానస్ నంబర్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడవచ్చు, ఏ వేళలోనైనా ఉచితం.

మాంగా (జపాన్ కామిక్స్) అలవాటున్నవాళ్లకు జపాన్‌లో వచ్చిన ‘డెడ్‌పూల్: సమురాయ్’ రెండు పుస్తకాల్లో దొరుకుతుంది. కుడి నుంచి ఎడమకు చదవాలి.

ఇక వాయిదా వేయాల్సినవి. ‘డెడ్‌పూల్ కిల్స్ ద మార్వెల్ యూనివర్స్’ నాలుగు సంచికల చిన్న పుస్తకం. పేరు ఆకర్షిస్తుంది కాబట్టి చాలామంది దానితోనే మొదలుపెడతారు. అందులో డెడ్‌పూల్ హీరోలందరినీ వరసగా చంపుకుంటూ పోతాడు. చచ్చిపోయేవాళ్లు ఎవరో, చంపేవాడు మామూలుగా ఎలా ఉంటాడో తెలియకుండా చదివితే అది ఒట్టి రక్తపాతం. ఓ పది పుస్తకాలయ్యాక చదవండి. డేనియల్ వే సిరీస్ బాగా అమ్ముడుపోయింది, మొదటి కథలు హుషారుగా ఉంటాయి కూడా. కానీ 63 సంచికలు ఏకబిగిన వద్దు, ఆ రెండు గొంతుల జోకులు కొంతకాలానికి మొహం మొత్తుతాయి.

కొనడం

ఫోన్‌లో, ట్యాబ్‌లో చదవగలిగితే మార్వెల్ అన్‌లిమిటెడ్ యాప్ చందా కట్టండి. నేను పైన చెప్పిన మార్వెల్ సిరీస్‌లు చాలావరకు అందులో ఉన్నాయి. కొత్త సంచికలు షాపులోకి వచ్చిన మూడు నెలలకు చేరతాయి. ఫోన్ చిన్నదైతే ఒక్కో ప్యానెల్ పెద్దదిగా చూపించే సదుపాయం ఉంది, కానీ పేజీ మొత్తం చూడటం మాత్రం మానకండి. దొంగ స్కాన్‌ల జోలికి వెళ్లొద్దు. రంగులు పాడై, పేజీలు ఎగిరిపోయి ఉంటాయి. గీసినవాళ్లకు అందులోంచి పైసా చేరదు.

కాగితం కావాలంటే పేపర్‌బ్యాక్ మేలు. ఆమ్నిబస్ అనే భారీ అట్ట పుస్తకం అందంగా ఉంటుంది, కానీ ఒడిలో పెట్టుకుని చదవడం కష్టం. ఏది కొన్నా వెనక అట్ట మీద ‘కలెక్టింగ్’ అనే మాట తర్వాత ఏ సిరీస్, ఏ సంచికలు ఉన్నాయో రాసి ఉంటుంది. ముందు అది చదవండి. ఒకే కథ ‘క్లాసిక్’ అని, ‘ఎపిక్ కలెక్షన్’ అని వేర్వేరు అట్టలతో వస్తుంది, తెలియక రెండుసార్లు కొనేస్తారు. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసి పెట్టుకోండి. నాకొకసారి ఆమ్నిబస్ మూలలు నలిగి, వెన్ను చీలి వచ్చింది. వీడియో లేకపోవడంతో మార్చి ఇవ్వమని ఒప్పించడానికి వారం పట్టింది. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాల మధ్య, కామిక్ కాన్ జరిగినప్పుడు అక్కడి స్టాళ్లలో వెతకండి. విడి సంచికలు అలాంటి చోట్లే దొరికే వీలుంది.

ఇంట్లో పిల్లలుంటే

బొమ్మల పుస్తకం కదా అని పదేళ్ల పిల్లాడి చేతిలో పెట్టకండి. చందమామలతో పెరిగిన మనకు బొమ్మలుంటే పిల్లలదే అన్న నమ్మకం బలంగా ఉంటుంది. డెడ్‌పూల్‌లో తలలు తెగుతాయి, బూతు జోకులుంటాయి. అట్ట మీద రేటింగ్ చూడండి. ‘పేరెంటల్ అడ్వైజరీ’ అని ఉంటే ముందు మీరు చదవండి, తర్వాత నిర్ణయించుకోండి. ‘డెడ్‌పూల్ మ్యాక్స్’ పెద్దవాళ్లకు మాత్రమే, దాన్ని పైఅరలో పెట్టండి. టీనేజ్ పిల్లలు చదువుతుంటే పక్కన కూర్చుని, ఆ బాక్స్ గది కథ వచ్చినప్పుడు “వీడు చేసింది నీకెలా అనిపించింది?” అని అడగండి. మా ఇంట్లో పదహారేళ్ల మేనల్లుడు ఆ ప్రశ్నకు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత పుస్తకం మొదటికి తిప్పి, ఆల్ కనిపించిన పేజీలన్నీ మళ్లీ చదవడం మొదలుపెట్టాడు.